కోడికూత నేర్చిన సూరప్పడు

చిన్న కథ. రెండు ముక్కల్లో ముగించేస్తాను. కాకపోతే ముందు మా గెడ్డవలస వైద్యుల సంగతి చెప్పాలి. నడుం పట్టేస్తే తొక్కే ఆవిడ ఉంది. తేలు కుడితే మంత్రం వేసే ఆయన ఉన్నాడు. ఆయన్నే తేలు కుట్టినప్పుడు మాత్రం ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇక మనసు సంగతికి గుంపస్వామి ఉండేవాడు. ఎవరి మొహమైనా ఒక్కసారి చూసి లోపలేముందో తేల్చేసేవాడు. సాయంత్రాలు అరుగుమీద ఒంటరిగా కూర్చుని పెదవులు కదుపుతుండేవాడు. జపం అనుకుని మేం అటువైపు చప్పుడు చేయకుండా నడిచేవాళ్లం.

ఇదిగో, కథలోకి వస్తున్నాను. సూరప్పడు పక్కింటివాళ్ల గడ్డివాముకు నిప్పు పెట్టాడు. జైల్లో వేశారు. తమ్ముడికి మతి బాగాలేదని అక్క అప్పలకొండ కోర్టులో మొత్తుకుంది. అయితే ఆ సంగతి తేల్చే డాక్టరు చూడాలన్నాడు జడ్జి. అలాంటి డాక్టరు మా జిల్లాలోనే లేరు. నగరంలో ఉన్న ఒక్కామే చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ వంతులవారీగా తిరిగేది. మా వంతు వచ్చేలోగా వానలు వచ్చాయి, కోతలు వచ్చాయి. సూరప్పడు మాత్రం బయటికి రాలేదు.

అసలామె పనేమిటో ఊళ్లో ఎవరికీ అంతుపట్టలేదు. డాక్టరైతే సూది వెయ్యాలి. కోర్టు మనిషైతే నల్లకోటు వెయ్యాలి. రెండూ వెయ్యని మనిషి వచ్చి ఏం చేస్తుందని రచ్చబండ దగ్గర పెద్ద తగువే జరిగింది.

గుంపస్వామి జైలుకెళ్లి సూరప్పడి మొహం చూశాడు. వాడికే జబ్బూ లేదని, పిచ్చి నటిస్తేనే బయటపడతాడని తేల్చాడు. కోడిలా కూయడం నేర్పి వచ్చాడు.

చివరికి డాక్టరమ్మ వచ్చింది. సూరప్పడు కూశాడు. ఆమె ఓపిగ్గా విని, "ఈ కూత ఎవరు నేర్పారు?" అంది.

"గుంపస్వామి మావ."

"మరి నిప్పు పెట్టమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. వాములోంచి అమ్మ చలేస్తోందని ఏడ్చింది. కాస్త మంట వేశాను."

వాళ్లమ్మ పోయి చాలా ఏళ్లయింది. సూరప్పడు మళ్లీ కూయలేదు.

కూత నటనే గాని జబ్బు నిజమేనని ఆమె కోర్టుకు రాసింది. అంతకుముందు ఊరివాళ్లతోనూ మాట్లాడాలని ఆమె అంటే అప్పలకొండ, గుంపస్వామి వెళ్లారు. మాటల్లో ఆమె, "మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని గుంపస్వామిని అడిగింది.

"నేనూ, మా ఆవిడా. సాయంత్రమైతే నాతో మాట్లాడందే దానికి తోచదు."

అప్పలకొండ బిత్తరపోయింది. ఆవిడ పోయినప్పుడు దినం భోజనాలకు వంట చేసింది తనే.

కోర్టు సూరప్పణ్ణి చికిత్సకు పంపింది. నయమై ఇంటికొచ్చాడు. గుంపస్వామి ఇప్పుడు నెలనెలా నగరం వెళ్లి మందులు తెచ్చుకుంటున్నాడు. బస్సు ఎక్కించేది సూరప్పడే.

నీతి: మొహం చూసి మనిషి మనసును తేల్చకూడదు. ఆ విద్య తెలిసినవాళ్లు ఎంత దూరంలో ఉన్నా వాళ్లచేతే చూపించాలి.