చింతపండు ఇంటర్వ్యూ

రండి, రండి. ఇంకాస్త దగ్గరకు జరిగి కూర్చోండి. ఏయ్ సుగుణా, తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకో, లేకపోతే వాడు సగంలోనే లేచిపోతాడు. ఇందాక బడి వెనకాల టీవీ ఇంటర్వ్యూ ఆట ఆడుతూ గరిటెను మైకులా పట్టుకున్నది ఎవరు? దాచకండి, తిట్టను. అలాంటి గరిటె కథే ఒకటి చెబుతాను.

సిలార్ సాహెబు గారని ఒక నాదస్వర విద్వాంసులు ఉండేవారు. వాళ్ళ ఊళ్ళో రాములవారి కల్యాణానికి మూడు తరాలుగా వాళ్ళింటి సన్నాయే మోగుతోంది. పళ్ళన్నీ ఊడిపోయాక ఆయన వాయించడం మానేసి, ఆ వంతు తన శిష్యుడు మీరావలికి అప్పజెప్పారు.

రేపు కల్యాణం అనగా పొద్దున్నే మీరావలి వచ్చి, వాద్యం గురువుగారి మంచం మీద పెట్టి, కింద కూలబడ్డాడు.

"నావల్ల కాదు గురువుగారూ. నోరెండిపోతోంది. పీక పలకడం లేదు."

నాదస్వరం కొసన గడ్డితో చేసిన చిన్న పీక ఉంటుంది. అది నోటి తడికి నానితేనే పలుకుతుంది. నోరెండితే ఎంత ఊదినా వచ్చేది గాలే.

"జ్వరమా?"

"కాదండీ. టీవీ."

సంగతేమిటంటే, రెండు నెలల కిందట ఒక ఛానల్ వాళ్ళు అతన్ని ఇంటర్వ్యూకి పిలిచారు. పట్టు శాలువా కప్పుకుని వెళ్ళాడు. "నాదస్వరం గురించి ఒక్క మాట చెప్పండి సార్" అని అక్కడి అమ్మాయి అడిగింది. మీరావలి కళ్ళు మూసుకున్నాడు. గుండె మీద చెయ్యేసుకున్నాడు. చాలాసేపు ఊరుకుని, "నేను నాదస్వరాన్ని వాయించను. నాదస్వరమే నన్ను వాయిస్తుంది" అన్నాడు. రోజూ ఏట్లో మెడలోతు నీళ్ళలో నిలబడి సాధన చేస్తానని కూడా చెప్పాడు.

మరుసటి వారం ఇంకో ఛానల్లో కామెడీ వాళ్ళు దాన్నే స్కిట్ చేసేశారు. ఆ తరవాతి సంగతి మీరావలే చెప్పుకొచ్చాడు.

"పోయిన వారం ఒక పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే వేళకి వాద్యం ఎత్తానండీ. ముందు వరసలో ఎవడో నన్ను చూసి గుండె మీద చెయ్యేసుకున్నాడు. అంతే! ఉత్త గాలి. డోలు ఒక్కటే మోగింది. రేపు గుడివాళ్ళను మైకులో పాటలు పెట్టుకోమని చెప్పండి."

గురువుగారు వాద్యాన్ని పక్కకు జరిపారు.

"ఏదీ, ఆ స్కిట్టు చూపించు."

మీరావలి తల వంచుకుని ఫోన్ తీసి పెట్టాడు. అందులో ఒక బక్క మనిషి దుప్పటి శాలువాలా కప్పుకుని, ప్లాస్టిక్ తొట్టిలో గొంతు దాకా నీళ్ళలో కూర్చుని ఉన్నాడు. "టీ తాగుతారా సార్?" అని అడిగింది యాంకరమ్మ. వాడు కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యేసుకుని, "నేను టీ తాగను. టీయే నన్ను తాగుతుంది" అని చేతిలోని సన్నాయి ఊదేశాడు.

మంచం కిర్రుకిర్రుమంది. గురువుగారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. "మళ్ళీ పెట్టు" అన్నారు. మూడుసార్లు చూశారు.

"మీరు కూడానా గురువుగారూ!"

"ఉండరా. వాడి తప్పొకటి పట్టాను. పీక నోట్లో నానబెట్టకుండానే ఊదేశాడు."

"అదొక్కటేనా తప్పు?"

"మిగతాదంతా నువ్వేగా."

మీరావలి ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాడు.

"ఏట్లో నిజంగానే నిలబడ్డావురా?"

"ఒకసారి... స్నానానికి. వాద్యం గట్టు మీదే ఉంది."

గురువుగారు లోపలికి చూసి, మనవరాలు షాహిదాను కేకేశారు. "అమ్మనడిగి కొత్త చింతపండు, ఉప్పు పట్రా. మీ జట్టునంతా పిలుచుకురా."

మీరావలి ముఖం మాడిపోయింది. సన్నాయి వాయించేవాడి ఎదుట చింతపండు చప్పరిస్తే, వాడికి నోరూరి పాట ఆగిపోతుందని ప్రతి ఊళ్ళోనూ అల్లరి పిల్లలకు తెలుసు. అందుకే సిలార్ సాహెబు గారు కొత్త శిష్యులకు మొదటి ఏడే, ఎదుట చింతపండు చప్పరిస్తున్నా ఆగకుండా వాయించే పాఠం పెట్టేవారు.

"పన్నెండేళ్ళ కిందటి పాఠం కదండీ. నేనింకా చిన్నపిల్లాణ్ణా?"

గురువుగారు అప్పటికే వచ్చిన పిల్లల చేతుల్లో ఒక్కొక్క చింతపండు ఉండ పెడుతున్నారు.

పిల్లలు ఎదురుగా బారు తీరారు. ఆ స్కిట్టు వాళ్ళకు కంఠతా వచ్చు. షాహిదా గరిటె పట్టుకుని ఒకడి మూతి దగ్గర పెట్టింది. "సార్, చింతపండు గురించి ఒక్క మాట!"

వాడు కళ్ళు మూసుకున్నాడు. గుండె మీద చెయ్యి. చాలాసేపు మౌనం. "నేను చింతపండును చప్పరించను. చింతపండే నన్ను..." అని ఇంక ఆగలేక లొట్టలేశాడు. జట్టంతా లొట్టలేసింది.

మీరావలి ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు. ఒకసారి గుటక మింగాడు. ఇంకోసారి మింగాడు. మూతి వణికింది. అంతే, గోడకు జారగిలబడి పగలబడి నవ్వాడు.

షాహిదా గరిటె తెచ్చి అతని మూతి దగ్గర పెట్టింది. "ఇప్పుడు మీరు చెప్పండి మామా. సన్నాయి గురించి ఒక్క మాట."

అలవాటుగా చెయ్యి గుండె దాకా లేచింది. సగంలో ఆగింది. ఆ చెయ్యే కిందికి వచ్చి పీకను అందుకుంది.

పీక నోట్లో నానుతుంటే పిల్లలు కిక్కురుమనకుండా చూశారు. అతను దాన్ని వాద్యానికి తగిలించి ఎత్తాడు. మోహన రాగం. వీధి చివర దాకా వినబడింది. చింతపండు చేతుల్లోనే ఉండిపోయింది.

వాయించడం అయ్యాక మీరావలి అడిగాడు. "మరి రేపు పందిట్లో నన్ను చూసి నవ్వితేనో?"

"నవ్వనీరా. నువ్వూ నవ్వు, నోరెండదు" అన్నారు గురువుగారు.

మరునాడు కల్యాణం. పందిరి కిటకిటలాడుతోంది. పూజారి మంగళసూత్రం అందరికీ చూపించి, "గట్టి మేళం!" అన్నాడు. మీరావలి వాద్యం ఎత్తాడు.

ముందు వరసలో ఒకాయన కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యేసుకుని కూర్చున్నారు. పళ్ళు లేని బుగ్గలో చింతపండు ఉండ.

మీరావలికి నోరూరింది. గుటక మింగి ఊదాడు.

ఇక లేవండి, లేవండి. అన్నాల వేళయింది. సుగుణా, నీ వెనకాల దాచిన ఆ గరిటె పట్టుకెళ్ళి ఇచ్చెయ్యి తల్లీ, మీ అమ్మ పప్పు వడ్డించడానికి వెతుక్కుంటూ ఉంటుంది.