ఏడో తరం అవ్వ

అనగా అనగా, ఏరులకీ కొండలకీ ఇంకా పేర్లు కుదురుకోని రోజుల్లో, మొగలికోట అనే రాజ్యానికి ధర్మసేనుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శూరసేనుడికి కత్తులంటే ప్రాణం. నడిమివాడు వీరసేనుడికి గుర్రాలంటే ప్రాణం. కడగొట్టువాడు కుశలసేనుడికి మాత్రం పాత సంగతులంటే ప్రాణం. వంటసాలలో ముసలమ్మ కనబడినా, ఏనుగుల మావటి కనబడినా వదిలేవాడు కాదు. "మీ తాత ఎవరు? ఆయన తాత ఎవరు? ఏ ఊరి నుంచి వచ్చారు?" అని అడిగి, చెప్పేదాకా కదిలేవాడు కాదు.

ఒకనాడు హేమగిరి రాజు దగ్గర్నించి రాయబారులు వచ్చారు.

"మా రాకుమారి వనమాలికను మీ ఇంటి కోడలిగా పంపడం మా ప్రభువుకి సమ్మతమే. కాని పెళ్ళికి ముందు ఏడు తరాలు చెప్పించుకోవడం మా ఆనవాయితీ. మీ ముగ్గురు కొడుకుల్లో ఎవరు మా సభలో నిలబడి ఏడు తరాలూ చెబుతారో, వారికే మా పిల్ల" అన్నారు.

"అదెంత పని" అని ధర్మసేనుడు ఆస్థాన భట్రాజుని పిలిపించాడు. భట్రాజు పట్టుబట్టలో చుట్టిన తాటాకుల కట్ట విప్పి, గొంతు సవరించుకుని, ఒక తరం చెప్పాడు, రెండు తరాలు చెప్పాడు, ఆరు తరాలు చెప్పాడు. ఏడో తరం దగ్గర ఆగిపోయాడు.

"ఏమైందయ్యా?" అన్నాడు రాజు.

"ఏడో ఆకు లేదు ప్రభూ. చెద తిన్నది కాదు, ఎలుక కొట్టిందీ కాదు. ఎవరో కోసుకుపోయారు." భట్రాజు గొంతు తగ్గించాడు. "మా తాతగారు చెప్పేవారు. ఏడు సముద్రాల అవతల ధూమకంఠుడనే మాంత్రికుడున్నాడట. వంశాల మొదటి ఆకులు దొంగిలిస్తాడట. వాటి బదులు గొప్ప గొప్ప అబద్ధాలు రాసిచ్చి, రాజుల్ని తన గుప్పిట్లో పెట్టుకుంటాడట."

శూరసేనుడు కత్తి పట్టుకు బయలుదేరాడు. నెల గడిచింది, రాలేదు. వీరసేనుడు గుర్రమెక్కి బయలుదేరాడు. రెండు నెలలు గడిచాయి, అతనూ రాలేదు.

అప్పుడు కుశలసేనుడు తండ్రి కాళ్ళకు దణ్ణం పెట్టి, "నాన్నగారూ, నేను వెళ్ళొస్తాను" అన్నాడు.

"ఇద్దరు పోయారు నాయనా. నువ్వూ పోతే నాకెవరున్నారు?"

"అన్నలు ఏమయ్యారో తెలియకుండా, మనమెవరమో తెలియకుండా ఈ కోటలో ఎలా కూర్చోను నాన్నగారూ?"

రాజు మరి కాదనలేకపోయాడు. కుశలసేనుడు అటుకుల మూట భుజాన వేసుకుని, కాలినడకన బయలుదేరాడు.

పోగా పోగా ఒక చోట జిగురు ఉచ్చులో చిక్కుకున్న గోరువంక కనబడింది. రెక్కలకంటిన జిగురు నూనెతో తుడిచి వదిలాడు. "నేనూ వస్తాను" అని అది అతని భుజమెక్కింది. ఇంకా పోగా పోగా, వరద నీళ్ళ నడుమ తుమ్మకొమ్మ మీద వణుకుతున్న ఉడుత కనబడింది. మెడలోతు నీళ్ళలో దిగి దాన్ని తెచ్చాడు. "నేనూ వస్తాను" అని అది అతని తలపాగాలో దూరింది. ఇంకా పోగా పోగా సముద్రం వచ్చింది. ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కాళ్ళాడిస్తోంది. అతను దాన్ని తిరగేశాడు.

"బతికించావు నాయనా. మూడు రోజులుగా ఆకాశం చూసి చూసి విసుగెత్తింది. ఎక్కడికి నీ ప్రయాణం?" అంది తాబేలు.

"ధూమకంఠుడి దీవికి."

"అయితే నా వీపెక్కు."

ఉప్పు సముద్రం దాటారు. చెరుకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటారు. నేతి సముద్రంలో జారుకుంటూ పోయారు. పెరుగు సముద్రంలో తాబేలు కాళ్ళు కూరుకుపోయాయి, అయినా దాటారు. పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం కూడా దాటి దీవి చేరారు.

దీవి మీద ఇనుప కోట ఉంది. కోట గుమ్మానికి అటొక రాతిబొమ్మ, ఇటొక రాతిబొమ్మ ఉన్నాయి. కుశలసేనుడు చూస్తే అవి తన అన్నలే. అంతలో గుమ్మం మనిషిలా మాట్లాడింది.

"నీది ఏ వంశం? ఇతను సూర్యవంశమన్నాడు, అతను చంద్రవంశమన్నాడు. తెలియంది తెలిసినట్టు చెప్పిన వాళ్ళను నేను రాళ్ళు చేస్తాను."

"నాకు తెలియదు. తెలుసుకుందామనే వచ్చాను" అన్నాడు కుశలసేనుడు.

గుమ్మం తెరుచుకుంది.

లోపల ధూమకంఠుడు పులితోలు మీద కూర్చుని ఉన్నాడు. నోరు తెరిస్తే పొగ వస్తోంది. "ఆకు కావాలా? మూడు పనులు చెయ్యి, ఇస్తాను. ఒక్కటి తప్పినా నువ్వూ మీ అన్నల పక్కన నిలబడతావు" అన్నాడు.

మొదటి పనికి నూరు తెల్లావుల్ని నిలబెట్టాడు. ఒక్క దూడను వదిలాడు. "దీని తల్లి ఏది?" అన్నాడు. వాటి వాసన కూడా మంత్రంతో కట్టేశాడు కాబట్టి దూడ దిక్కులు చూస్తోంది. అప్పుడు గోరువంక ఎగిరి, ఆవుల వీపుల మీద ఒక్కొక్కదాని మీదే గెంతుకుంటూ పోయింది. పశువుల మీద తిరగడం గోరువంకకు పుట్టుకతో వచ్చిన విద్య కదా. దూడ అరిచినప్పుడల్లా ఏ ఆవు ఒళ్ళు జలదరిస్తోందో చూసింది. డెబ్భైమూడో ఆవు మీద కూర్చుని, "ఇదే" అంది.

రెండో పనికి నూరు మామిడి టెంకలు కుప్ప పోశాడు. "వీటిలో తియ్యమామిడి ఒక్కటే, తక్కినవన్నీ పులుపు. మొలవక ముందే చెప్పు" అన్నాడు. ఉడుత తలపాగా దిగి, అన్నిటినీ వాసన చూసి, ఒకదాన్ని రెండు చేతులా పట్టుకుని వదలనంది.

ధూమకంఠుడి నోట్లో పొగ నల్లబడింది. కోట వెనక ఉన్న కొలను చూపించాడు. నీళ్ళు గిర్రున సుడి తిరుగుతున్నాయి. నడిమధ్య రాతి స్తంభం, దాని మీద పంజరం, అందులో ఒక చిలక. ఒడ్డున ఒక పుట్టి, ఒక తెడ్డు. వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి తెప్పను పుట్టి అంటారు, పిల్లలూ. అది బుట్టలా ఉంటుంది, చేతకానివాడు ఎక్కితే ఉన్నచోటే తిరుగుతుంది.

"నీ ఆకు ఆ పంజరంలో ఉంది. వెళ్ళి తెచ్చుకో" అని మాంత్రికుడు నవ్వాడు. అక్కడికి వెళ్ళి బతికినవాడు లేడని వాడి ధీమా.

కుశలసేనుడు ఏనాడూ తెడ్డు పట్టలేదు. తాబేలు ఒడ్డు దగ్గరికి పాకి మెల్లగా చెప్పింది. "నేను దిగితే సుడి లాగేస్తుంది. కాని మూడొందల ఏళ్ళుగా పుట్టీలను కింది నుంచి చూస్తున్నాను. మోకాళ్ళ మీద కూర్చో. తెడ్డు ముందుకు వేసి నీటిని నీ వైపు లాక్కో. సుడితో పోట్లాడకు. రెండు చుట్లు దానితోనే తిరుగు, మూడో చుట్టులో జారిపో."

అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక చుట్టు తిరిగాడు, పుట్టి అంచు గట్టిగా పట్టుకున్నాడు. రెండో చుట్టు తిరిగాడు, కళ్ళు బైర్లు కమ్మాయి. మూడో చుట్టులో తెడ్డు ముందుకు వేసి పళ్ళు బిగించి లాగాడు. పుట్టి వెళ్ళి స్తంభానికి తగిలింది.

చిలక అతన్ని తేరిపార చూసింది. "మళ్ళీ ఇన్నాళ్ళకు తెడ్డు పట్టడం తెలిసినవాణ్ణి చూశాను. నువ్వు ఓబక్క వంశమా?"

"ఓబక్క ఎవరు?"

"నీ ఏడో తరం అవ్వ. ఏ రాజు కూతురూ కాదు. ఏటి మీద పుట్టి నడుపుకుని బతికేది. ఈ ధూమకంఠుడు అవతలి ఒడ్డు ఊళ్ళు తగలబెట్టినప్పుడు, నిండు వరదలో మూడు పగళ్ళు, మూడు రాత్రుళ్ళు చెయ్యి ఆపకుండా తొమ్మిదివందల మందిని ఇవతలికి దాటించింది. చివరికి వీడే వచ్చి, 'నన్నూ దాటించు' అన్నాడు. 'అలాగే కూర్చో నాయనా' అని నడి ఏటికి తీసుకుపోయి, పుట్టి గిరగిరా తిప్పి వీణ్ణి నీళ్ళలో పారేసింది. బతికి ఒడ్డెక్కేసరికి వీడికి సిగ్గుతో తల ఎత్తుకోవడం చేతకాలేదు. ఆ జనమే ఓబక్కను రాణిని చేశారు. గద్దె లేదు, పుట్టినే బోర్లించి దాని మీద కూర్చోబెట్టారు. ఆ సంగతి లోకం మరిచిపోవాలనే వీడు ఆకు కోసుకొచ్చాడు."

కుశలసేనుడికి ఒళ్ళు పులకరించింది. పంజరంలో ఉన్న తాటాకు తీసి చూస్తే, ఓబక్క పేరు పక్కన చిన్న తెడ్డు బొమ్మ గీసి ఉంది. దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"ఇంకొక్క మాట" అంది చిలక. "నా మెడలో నల్లతాడు చూశావా? వాడి ప్రాణం అందులో ఉంది. కత్తికి తెగదు. పంటికే తెగుతుంది."

తలపాగాలో ఉన్న ఉడుత ఆ మాట విని పంజరంలోకి దూరింది. ఒడ్డు మీద ధూమకంఠుడికి అనుమానం వచ్చింది.

"ఒరే అబ్బాయ్, ఆ ఆకు చూసి ఏం చేసుకుంటావు? పుట్టి నడిపేదాని మనవణ్ణని హేమగిరి సభలో చెబుతావా? నవ్వుతారు. ఆ ఆకు నీళ్ళలో పారెయ్యి. మీ మూలపురుషుడు సూర్యుడని బంగారు రేకు మీద రాసిస్తాను."

ఉడుత కొరుకుతోంది. మాటల్లో పెట్టాలి.

"సూర్యుడైతే వేడి ఎక్కువేమో. చంద్రుడైతే కుదరదా?" అన్నాడు కుశలసేనుడు.

"చంద్రుడినే రాస్తాను."

"మరి మా తాతమ్మ వైపు ఎవరిని రాస్తావు?"

"గంగమ్మ తల్లిని రాస్తాను."

"రాయడమంటూ మొదలుపెడితే ఇంద్రుణ్ణి మాత్రం వదిలెయ్యడం ఎందుకు?"

"వాణ్ణీ రాస్తాను, ముందు చిలకను ఇలా..." అంటుండగానే తాడు పుటుక్కున తెగింది. ధూమకంఠుడు ఉన్నచోటే పొగై, గాలికి చెదిరిపోయాడు. సుడి ఆగింది. గుమ్మం దగ్గర అన్నలిద్దరూ ఆవులించి కళ్ళు తెరిచారు.

ముగ్గురూ చిలకను వెంటబెట్టుకుని, తాబేలు వీపెక్కి సముద్రాలు దాటి హేమగిరి చేరారు, కబురంది ధర్మసేన మహారాజు కూడా వచ్చాడు. సభ మొదలయ్యే ముందు శూరసేనుడు తమ్ముణ్ణి పక్కకు పిలిచాడు.

"నీ కష్టం కాదనను తమ్ముడూ. కాని ఇంతమంది రాజుల ముందు పడవ నడిపే అవ్వ పేరెలా చెబుతాం? ఆరు తరాలు చెప్పి, ఏడోది ఏదో ఒకటి అనెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదా అన్నయ్యా" అన్నాడు కుశలసేనుడు.

సభలో నిలబడి ఆరు తరాలు చెప్పాడు. ఏడో తరానికి వచ్చేసరికి అతని గొంతు మరింత పెరిగింది. "ఏడో తరం, మా వంశానికి మొదలు, ఓబక్క. పుట్టి నడిపి బతికింది. తొమ్మిదివందల మందిని బతికించింది. తక్కిన ఆరుగురూ రాజుల కడుపున పుట్టి రాజులయ్యారు. ఆవిడ ఒక్కతే తన చేతులతో రాణి అయ్యింది."

హేమగిరి రాజు కూతురి వైపు చూశాడు. వనమాలిక లేచి నిలబడింది.

"నాన్నగారూ, మన భట్రాజు చెప్పే ఏడో తరం కూడా సూర్యుడే కదా. ఆ ఆకు ఎవరు రాశారో నాకు ముందు నుంచీ అనుమానమే" అంది. తరవాత కుశలసేనుడి వైపు తిరిగి, "పెళ్ళయ్యాక మా ఏడో తరం కూడా వెతికి పెడతారా?" అని అడిగింది.

"ఇద్దరం కలిసే వెతుకుదాం" అన్నాడతను.

ధర్మసేనుడు కళ్ళు తుడుచుకుంటూ లేచి వచ్చి, నిండు సభలో కొడుకుని గుండెకు హత్తుకున్నాడు. "మా ఓబక్క" అని ఒకసారి అన్నాడు. పలకడం బాగుండి మళ్ళీ అన్నాడు. ఆ వెనక శూరసేనుడూ అన్నాడు, వీరసేనుడూ అన్నాడు.

మాఘమాసంలో అయిదు రోజుల పెళ్ళి జరిగింది. గోరువంకకు ధాన్యం, ఉడుతకు మామిడితోట, తాబేలుకు ఏడాది పొడుగునా ఎండని మడుగు కట్నాలుగా ముట్టాయి. చిలక తనకు ఏమీ వద్దని అడవికి ఎగిరిపోయింది. కుశలసేనుడూ వనమాలికా నలభై ఏళ్ళు రాజ్యం చేశారు. ఆ నలభై ఏళ్ళలో తమ వాళ్ళెవరని అడిగితే తలదించుకున్న మనిషి మొగలికోటలో లేడు. చాకలి తన తాత పేరు చెప్పుకున్నాడు, కుమ్మరి తన అవ్వ పేరు చెప్పుకున్నాడు, అందరూ నిటారుగా నిలబడి చెప్పుకున్నారు.

కథ గట్టెక్కింది. ఇక మీరు మంచాలెక్కండి.