సుంకమ్మ దవడపన్ను

ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకొచ్చి పడేసే వంక, అదే చిన్న వాగు, ఒకటుంది గుట్ట వెనకాల. మనుషులు ముక్కు మూసుకుని దాటే చోటది. అడవి జంతువులకు మాత్రం అన్నం దొరికేది అక్కడే. ఆ వంకలో మొదటి వంతు దుమ్ములగొండి సుంకమ్మది. హైనా అంటారే, ఆ జాతి. ఆమెకు ఆ మర్యాద ఒంటి బలం వల్ల రాలేదు, పళ్ళ వల్ల వచ్చింది. ఎద్దు తొడఎముకను దవడ కింద పెట్టి పటుక్కున విరిచేది అక్కడ ఆమె ఒక్కతే. మిగిలినవాళ్ళంతా ఆమె తిని వదిలిన ముక్కల కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు. ఆమె పిల్లలిద్దరూ బతికేది కూడా ఆ ఎముకల్లోని మూలుగ మీదే.

అలాంటి సుంకమ్మకు కుడివైపు పెద్ద దవడపన్ను పుచ్చింది.

మొదట్లో చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమనేది, అంతే. అప్పుడే చూపించుకుని ఉంటే నాకు ఈ కథ చెప్పే పనే లేకపోయేది. కానీ పన్ను నొప్పంటే ఎవరికైనా రేపు చూసుకునే పనే కదా. రెండు నెలలు ఎడమవైపు నమిలి నెట్టుకొచ్చింది. ఈలోగా ఆ నల్లచుక్క కందిగింజ పట్టేంత గుంట అయింది.

ఆ అడవిలో పళ్ళు బాగుచేసేది వడ్రంగిపిట్ట ఓబులాచారి ఒక్కడే. పనిమంతుడే గానీ మాట మాత్రం చేదు. తెల్లారగట్ల, ఇంకా ఎవరూ లేవకముందే వెళ్ళి సుంకమ్మ నోరు తెరిచింది. ఆయన పన్ను మీద ముక్కుతో టకటకా కొట్టి, చెవి ఆనించి విన్నాడు. లోపల మెత్తబడిపోయిందన్నాడు. గట్టి పన్ను తగిలేదాకా పుచ్చంతా తొలిచి తీసేయాలన్నాడు, ఆ తర్వాతే లక్క పోసి పూడ్చాలన్నాడు. పోసిన రోజు ఆ పక్క నమలకూడదు. నాలుగు రోజులు జివ్వుమంటుంది, ఓర్చుకోవాలి. లక్క కూడా కలకాలం ఉండదు కాబట్టి ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలి. ఇలా ఏకరువు పెట్టాడు.

"నొప్పి పుడుతుందా, ఆచారీ?" అని అడిగింది సుంకమ్మ.

"పుడుతుందమ్మా. ఇప్పుడైతే ఒక్క పూట నొప్పి. నరందాకా పోనిచ్చావంటే ఇక పూడ్చడానికేమీ ఉండదు, పీకడమే."

నొప్పి ఒక్కటే అయితే ఆమె వెనకాడేది కాదేమో. అసలు చిక్కు వేరే ఉంది. ఆచారి పనిచేసేది వంకకు ఎదురుగా ఉన్న మద్దిమాను కింద, ఎండ బాగా పడే వేళ. వెలుగు లేకపోతే పన్ను లోపల ఏమీ కనపడదంటాడు. అక్కడ నోరు తెరుచుకుని పడుకుంటే కుక్కలు చూస్తాయి, రాబందులు చూస్తాయి. సుంకమ్మ పన్ను పోయిందట అని సాయంత్రానికల్లా గుట్టంతా గుప్పుమంటుంది. మర్నాడు ఆమెకు మొదటి వంతు ఎవరిస్తారు? మళ్ళీ వస్తానని చెప్పి లేచొచ్చేసింది.

ఇదంతా నక్క పుల్లప్ప పొదచాటు నుంచి విన్నాడు. వాడి సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ సుంకమ్మ విరిచి వదిలిన ఎముకలు నాకి బతికినవాడు, కన్ను మాత్రం ఆమె వంతు మీదే. దారికడ్డం వచ్చి అక్కా అని పలకరించాడు. తొలవడమూ లేదు, నొప్పీ లేదు, నా బొరియలో ఎవరి కంటా పడకుండా చిటికెలో పూడ్చేస్తానన్నాడు. తేనెమైనంలో బూడిద కలిపే ఆ విద్య తన తాత నేర్పాడని ఒట్టేసి మరీ చెప్పాడు. లోపలున్న పుచ్చు సంగతేమిటని ఆమె అడిగింది, అడగకపోలేదు.

"గాలి ఆడకపోతే దానంతటదే చస్తుందక్కా. ఆచారికి చెట్టయినా పన్నయినా తొలవడమే తెలుసు. ఉన్న పన్నును గుల్ల చేసి పంపిస్తాడు."

ఆమె వినాలనుకున్న మాట అదే. అందుకే నమ్మేసింది.

బొరియలో ఏదో ఆకు పసరు పిండి, మైనం కుక్కి, పంజాతో నున్నగా అదిమాడు. ఆ పూటే ఎముక కొరికి చూసుకోమన్నాడు. కొరికింది, నొప్పి లేదు. తర్వాత నెల రోజులు లోలోపల సలుపుతూనే ఉన్నా, మైనం కుదురుకుంటోందని పుల్లప్ప సర్దిచెప్పాడు. ఒకరోజు ఆ సలుపు కూడా ఆగిపోయింది. తమ్ముడి చెయ్యి మంచిదని సుంకమ్మ ఎంత మురిసిపోయిందో. ఇక మద్దిమాను వైపు వెళ్ళడమే మానేసింది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున దవడ ఉబ్బి కన్ను మూసుకుపోయింది. నోరు తెరిస్తే కంపు. ఇంక దాచడానికేముంది, అందరూ చూస్తుండగానే వెళ్ళి మద్దిమాను కింద పడిపోయింది. ఆచారి మైనం పెళ్ళగించాడు. కింద అంతా చీము. పన్ను పెంకులా మిగిలింది, పక్క పన్ను మొదలు కూడా కుళ్ళిపోయింది.

"నొప్పి ఆగిన రోజే నువ్వు పరిగెత్తుకు రావాల్సింది, సుంకమ్మా. అది తగ్గడం కాదు, నరం చచ్చిపోవడం. రెండు పళ్ళూ తీసేయాలి. లేకపోతే నువ్వే దక్కవు."

"మరి నా పిల్లలకు ఎముక ఎవరు విరిచి పెడతారు?"

ఆచారి రెండు పళ్ళూ తీశాడు.

పళ్ళు లేని సుంకమ్మను ఇక ఎవరూ లెక్కచేయలేదు, అందరికంటే ముందు ఎగబడి పుల్లప్ప కోరుకున్నట్టే మొదటి వంతు లాక్కున్నాడు. కొన్నాళ్ళు కడుపునిండా కండ తిన్నాడు. ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. ఊరివాళ్ళు మేత కోసం గొడ్లను తోలుకుని వలస పోయారు, పాతవి ఎండిపోయి చివరికి వంకలో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. వాటి నిండా మూలుగ ఉంది, పగలగొట్టేవాళ్ళే లేరు. సుంకమ్మ అరిగిపోయిన ఎడమ పళ్ళతో గీకి గీకి పిల్లలకు పెట్టింది. ఇద్దరికీ చాల్లేదు. చిన్నపిల్ల ఆ నెల దాటలేదు. పాపం, చివరిదాకా ఆ చిన్నది విరగని ఎముకనే నాకుతూ ఉండిందట.

అది పోయిన మూడో రోజు పుల్లప్ప వచ్చాడు. డొక్కలు ఎండి, నడక తూలుతోంది. ఈడ్చుకొచ్చిన తొడఎముకను ఆమె ముందు పెట్టాడు.

"అక్కా, ఈ ఒక్కటి విరిచిపెట్టవా? సగం నీకే."

సుంకమ్మ తిట్టలేదు. ఎండ వైపు తిరిగి నోరు బాగా తెరిచి చూపించింది. కుడివైపు రెండు పళ్ళున్న చోట ఉత్త చిగుళ్ళే ఉన్నాయి.

"చూసుకో తమ్ముడూ, నీ పనే," అంది.

వాడు ఆ ఎముకను మళ్ళీ నోట కరుచుకున్నాడు. ఈడ్చుకుంటూ వెళ్ళాడు గానీ, ఆ ఏటి వానలు వాడు కూడా చూడలేదు.

నీతి: పుచ్చును తీయకుండా పైన ఎంత నున్నగా మూసినా, లోపల దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది.