గొంతులోని తుమ్మెద

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. రాజు ధర్మాత్ముడని భట్రాజులు పాడేవాళ్లు. ఆ ధర్మం ఏపాటిదో వినండర్రా.

ఏడు సముద్రాల అవతలి నుంచి ఉగ్రకంఠుడనే మాంత్రికుడు వచ్చి జనం గొంతులు దొంగిలించసాగాడు. మొదట కూలివాళ్ల గొంతులు పోయాయి. రాజు పలకలేదు. తర్వాత నేతగాళ్ల గొంతులు పోయాయి. రాజు పలకలేదు. చివరికి కోటలో గొంతులు పోయాయి. అప్పుడు రాజు నోరు తెరిచాడు. గుసగుస తప్ప ఏమీ రాలేదు.

పెద్దవాళ్లు గుసగుసలతో బతుకుతారు. చంటిపిల్లల మాటేమిటి? ఉయ్యాలలో బిడ్డ ఏడిస్తే చప్పుడు లేదు. తల్లి పొయ్యి దగ్గరుంటే బిడ్డ గుక్కపట్టి నల్లబడిపోయేది. ఎన్ని ఉయ్యాలలు ఖాళీ అయ్యాయో!

పెద్దకొడుకు మాంత్రికుడి మీదికి వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. మూడోవాడు విమలసేనుడు తనను పెంచిన దాది గంగులమ్మ దగ్గర సెలవు తీసుకోబోయాడు. చిన్నప్పుడే జ్వరంలో చెవులు పోయిన మనిషి ఆమె. పిల్లల మెడ మీద అరచెయ్యి వేసి ఏడుపు తెలుసుకునేది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేది.

"నాయనా, 'స్స్' అంటే ఊపిరి జారిపోతుంది, చేతికేం తగలదు. 'మ్మ్' అంటే గొంతులో తుమ్మెద ఆడుతుంది. వాడు ఎత్తుకుపోయింది ఆ తుమ్మెదనే. నాలుకా పెదవులూ వదిలేశాడు కాబట్టి గుసగుస మిగిలింది" అంది. తర్వాత తల దించుకుంది. "చీకట్లో నా మనవడి మెడ మీద చెయ్యేశాను. తుమ్మెద ఆడలేదు. నిద్రపోయాడనుకున్నా."

ఆ బిడ్డ ఇక లేవలేదు.

విమలసేనుడు ఒడ్డుకు వెళ్లి ఒక ముసలి తాబేలును దాటించమని గుసగుసగా అడిగాడు.

"రాజుల పిల్లలకు గుసగుసలు కొత్తా ఏమిటి? ఎక్కు" అంది తాబేలు.

ఏడు సముద్రాలూ దాటాక ఒక గుహ. గుమ్మంలో రెండు రాతిబొమ్మలు, అన్నలవి. రెండో అన్న చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఉంది. లోపల గుహ నిండా చిలకలు. వాటికి మేత వేస్తూ హేమవల్లి అనే బందీ రాకుమారి.

"ఒక చిలకలో వాడి ప్రాణముంది" అని ఆమె గుసగుసలాడింది. "అన్నీ వాడి గొంతుతోనే పలుకుతాయి. తప్పు చిలక మెడ నులిమితే రాయైపోతావు. మీ పెద్దన్న అందమైనదాన్ని పట్టాడు. రెండో అన్న చెవులు రిక్కించాడు. ఇక్కడ ప్రతి మాటా గోడలకు తగిలి నలువైపుల నుంచీ వస్తుంది."

"నేనే, నేనే" అని చిలకలన్నీ అరిచాయి. విమలసేనుడు తలపాగాతో చెవులు కట్టేసుకున్నాడు. గింజలు చూపి ఒక్కొక్క చిలకనూ దగ్గరకు తీసి, మెడ మీద ఒక వేలు, రొమ్ము మీద ఒక వేలు ఆనించాడు. పక్షి పలుకు రొమ్ము లోతులో పుడుతుంది. రొమ్ము అదిరేది, మెడ అదిరేది కాదు. ఏ చిలకైనా అంతే. చివరికి మూలనున్న ఈకలూడిన చిలకను తాకాడు. దాని రొమ్ము కదల్లేదు. మెడలో తుమ్మెద ఆడింది, మనిషికి ఆడినట్టు.

అతను దాని మెడ బిగించాడు. మాంత్రికుడు పరుగున వచ్చి కాళ్ల మీద పడ్డాడు. విమలసేనుడు చెవికట్టు విప్పాడు.

"మీ నాన్న గొంతుండీ వాడలేదయ్యా. వాడనిది తీసుకుంటే తప్పా?" అన్నాడు మాంత్రికుడు.

"కూలివాళ్లు వాడారు. మేమే వినలేదు" అని గుసగుసగా అని, మెడ నులిమేశాడు.

మాంత్రికుడు కూలాడు. గుహ కప్పుకు వేలాడుతున్న సొరకాయ బుర్ర పగిలి, గొంతులన్నీ తుమ్మెదల్లా ఏడు సముద్రాలూ దాటిపోయాయి. రాళ్లైన అన్నలు లేవలేదు. పోయిన బిడ్డలూ లేవలేదు. రాజ్యంలో మొదట వినబడిన చప్పుడు, అన్నాళ్లూ గొంతెత్తి ఏడవలేకపోయిన తల్లుల ఏడుపు.

విమలసేనుడు హేమవల్లిని పెళ్లాడి చాలాకాలం ఏలాడు. రోజూ కొలువులో కూలివాడు మాట్లాడాకే రాజు నోరు విప్పాలని శాసనం చేశాడు. తిరిగొచ్చిన రోజున మాత్రం తిన్నగా గంగులమ్మ దగ్గరకే వెళ్లాడు. ఆమె చెయ్యి తీసి తన మెడ మీద పెట్టుకుని "అమ్మా" అన్నాడు.

ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

కథ కంచిదాకా పోనక్కర్లేదు. మీ మెడ మీద చెయ్యేసి చూసుకోండి, అక్కడే ఉంది.