కొత్త నేల మీద పొయ్యి

భిక్షువు సోంఫోన్ రాసిన ఉపన్యాసంలో ఒకే ఒక్క వాక్యానికి గురువుగారి అంగీకారం దొరకలేదు.

లావోస్ ఉత్తరాన గడ్డి పరచుకున్న పీఠభూమి మీద వారి విహారం ఉంది. సోంఫోన్ పుట్టింది ఆ పీఠభూమి మీది పల్లెలోనే. రాజధానిలో పదేళ్లు చరిత్ర చదివి ఆ వేసవిలోనే తిరిగివచ్చాడు. రానున్న పౌర్ణమినాడు చుట్టుపట్ల ఉపాధ్యాయుల సభలో అతడు ప్రసంగించాలి. గురువుగారికి ఆ ప్రసంగం తృప్తినిస్తే విహారపు పాఠశాల అతని చేతికి వస్తుంది.

ఇరవయ్యో శతాబ్దాన్ని నలభై పుటలలో ఇమిడ్చాడు. కూలిన సామ్రాజ్యాలు, రెండు మహాయుద్ధాలు, రెండు శిబిరాలుగా చీలిన లోకం, ఎవరి సిద్ధాంతాల కోసమో ఎవరి పొలాల్లోనో సాగిన పోరాటాలు, అన్నీ అందులో ఉన్నాయి. నేడు ఏ దేశం ఎవరి సరసన కూర్చుంటుందో, ఎవరిని చూసి తలుపు వేసుకుంటుందో, వాటి మూలాలన్నీ ఓపికగా చూపాడు. చివరికి మాత్రం ఇలా ముగించాడు: "ఆ మంటలు ఆ శతాబ్దంతోనే చల్లారాయి, మనం కొత్త నేల మీద నిలిచాం."

వృద్ధ గురువు ఖామ్‌ఫూయ్ నలభై పుటలూ చదివి కళ్లజోడు తుడుచుకున్నారు.

"బాగుంది నాయనా. ఆఖరి వాక్యమే కొంచెం తొందరపడింది."

"అందులో తప్పేముంది ఆచార్యా?"

"రేపు చీవరాలకు రంగు కాచాలి. పనసచేవ ముక్కలు నానాయేమో చూడు."

సోంఫోన్ మనసు చివుక్కుమంది.

ఆ విహారంలో భిక్షువులు కట్టుకునే చీవరాలకు రంగు అంగట్లో కొనరు. పనసచేవను కాచి, ఆ కషాయంలోనే గుడ్డను ముంచుతారు. కాచే పొయ్యి నడుమెత్తు మట్టిదిమ్మె మీద ఉంటుంది. ఆ దిమ్మె మీద నీడ లేదు. మరునాటి ఉదయం సోంఫోన్ కాగును విహారం వెనుక పైన్ చెట్టు నీడకు మోసుకుపోయాడు. మూడు రాళ్లు పేర్చి నేల మీదే మంట వేశాడు. కషాయం ఎర్రగా మరుగుతుంటే, పక్కనే కూర్చుని తన వాక్యాన్ని తానే పైకి చదువుకోసాగాడు.

ఊళ్లోనుంచి భిక్ష తెచ్చిన బువా అవ్వ అది చూసింది. చేతిలోని అన్నపు బుట్టను వదిలేసి కేక పెట్టింది.

గురువుగారు వచ్చారు. ఆయన అంత వడిగా నడవగా ఎవరూ చూడలేదు. కర్రతో కాగును ఒరిగించి మంట మీద కుమ్మరించారు. ఏడాదికి సరిపడే రంగు బుసబుసమంటూ బూడిదలో కలిసిపోయింది. ఆయన చీవరం మీదా కొంత చిందింది.

"ఆచార్యా! రంగంతా..."

"నడువు. కాలిబాట వదలకు."

శిష్యుడి మణికట్టు పట్టుకుని ద్వారం దాకా నడిపించి, అక్కడ వదిలారు.

"విమానాలు బాంబులు కురిపించిన ఆ యుద్ధం ముగిసి యాభై ఏళ్లు దాటింది కదా!" అన్నాడు సోంఫోన్ రొప్పుతూ.

"ముగిసింది. సంతకాలు పెట్టినవారందరికీ తెలుసు," అన్నారు గురువుగారు. "నేలకు ఎవరు చెప్పారు?"

మధ్యాహ్నం బాంబులు ఏరే బృందం వచ్చింది. పొయ్యిరాళ్ల కింద జానెడు లోతున జామకాయంత ఇనుపగుండు కనబడింది; ఇంకాస్త సెగ తగిలితే పేలిపోయేదే. ఉన్నచోటనే, ఇసుక మూటల నడుమ, దాన్ని పేల్చివేశారు. కొండలు ఒకసారి ఉలిక్కిపడి సర్దుకున్నాయి.

"అది మీ ఉపన్యాసం చదవలేదు కాబోలు స్వామీ," అంది బువా అవ్వ, బుట్ట దులుపుకుంటూ. "పొయ్యి దిమ్మె మీదే పెట్టాలని మా మూడేళ్ల మనవరాలికి కూడా తెలుసు. పదేళ్లు చదివితే అంతా మరిచిపోతారా ఏమిటి?"

సోంఫోన్ నవ్వాడు.

పౌర్ణమినాడు సభ నిండింది. గురువుగారు ఆ మరకల చీవరంతోనే వచ్చి, దానిని పట్టువస్త్రంలా సర్దుకుని, ముందువరుసలో తృప్తిగా కూర్చున్నారు. సోంఫోన్ ముప్పైతొమ్మిది పుటలు చదివాడు. నలభయ్యోది కూడా దాదాపు పూర్తిచేసి, చివరి వాక్యం దగ్గర ఆగాడు. కాగితాన్ని నెమ్మదిగా మడిచాడు.

సభ ఎదురుచూసింది. వెనుకనుంచి బువా అవ్వ గొంతు వినిపించింది.

"అయిపోయిందా స్వామీ?"

సోంఫోన్ గురువుగారి చీవరం వైపు చూశాడు.

"ఇంకా కాలేదమ్మా," అన్నాడు.