రాతి మీద చుక్కలు

ఏదీ వదిలిపెట్టకుండా చెప్పడమే పాలన అని మంత్రి చండభట్టు నమ్మకం. అందుకే రాజమార్గంలో ప్రతి ఊరి మొదట్లో నిలువెత్తు రాయి పాతించి, దాని మీద దారిలోని మూడు వందల ఊళ్ళ పేర్లూ వరసగా చెక్కించాడు. బాటసారులు అన్ని పేర్లూ చదువుతూ ఆ రాళ్ళ ముందు నిలబడలేక పక్కవాళ్ళని దారి అడగడం మొదలుపెట్టారు. మంత్రికి నామోషీ అయింది. ఎవరడిగినా మొదటి ఊరి నుంచి వరసగా చెప్పాలనీ, ఒక్క పేరు దాటేసినా కొరడా దెబ్బలేననీ చాటింపు వేయించాడు.

ఉప్పలగుంట రాయి పక్కన మజ్జిగ అమ్మే సూరాలు, ఒక ముసలాయనకి దారి సూటిగా చెప్పినందుకు అప్పటికే దెబ్బలు తింది.

ఒకనాడు మంత్రి భటులతో వచ్చి ఆ రాతికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. పగులులోంచి తేలు వచ్చి కుట్టింది. చెయ్యి విదిలిస్తూ, గంతులేస్తూ సూరాలుని అడిగాడు.

"వైద్యుడు ఏ ఊళ్ళో ఉన్నాడే?"

"చెబుతాను దొరా. మొదటిది కోటవాకిలి. తరవాత గొల్లమిట్ట. తరవాత..."

"అవన్నీ ఎందుకే? వైద్యుడి ఊరు చెప్పు."

"దాటేస్తే దెబ్బలు కదా దొరా. తరవాత ఈతమానుపాడు. తరవాత..."

"ఆ ఆజ్ఞ రద్దు చేశాను. ఈ భటులే సాక్షులు. చెప్పు తల్లీ."

"వచ్చే ఊరే దొరా, కొర్రలదిన్నె."

నెల తిరక్కుండా రాళ్ళు మారాయి. వాటి మీద మొదటి ఊరు, వెనకటి ఊరు, ఉన్న ఊరు, వచ్చే ఊరు, చివరి ఊరు మాత్రమే మిగిలాయి. మధ్య మధ్య ఖాళీల్లో చుక్కలు పెట్టారు.

ఆ చుక్కలేమిటని ఎవరైనా అడిగితే, సూరాలు మజ్జిగ పోస్తూ చెప్పేది: "మంత్రిగారిని తేలు కుట్టకపోతే అక్కడ మిగతా ఊళ్ళన్నీ ఉండేవి నాయనా."