దానిమ్మ గింజల లెక్క

పరంజ్యోతికి కళ్ళు నెత్తికెక్కాయని ల్యాబులో ఎవరూ అనలేదు. తన కళ్ళ మీద అతనికున్న నమ్మకం మాత్రం నెత్తి కూడా దాటి సీలింగు ఫ్యాను దాకా వెళ్ళిపోయింది.

ఆ ల్యాబు గుంటూరులో, మిర్చి యార్డుకు కూతవేటు దూరంలో ఉంది. యార్డులో బస్తాలు మోసేవాళ్ళూ తొడిమలు తీసే ఆడవాళ్ళూ తుమ్మి తుమ్మి ఆయాసపడుతుంటే, ఎందుకో తేల్చుదామని దమయంతి మేడమ్ ముప్ఫై ఏళ్ళ కిందట పెట్టింది. వాళ్ళ ముక్కులోంచి దూదిపుల్లతో చెమ్మ తీసి, గాజు స్లైడు మీద రాసి, రంగు వేసి చూస్తే ఇయోసినోఫిల్ కణాలు కనిపిస్తాయి. కడుపులో నులిపురుగుల మీదికి వెళ్ళాల్సిన సైన్యం అది. కొందరి ఒంట్లో మాత్రం కాస్త కారం దుమ్ముకే కత్తులు దూస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే ఒక్కో కణం దానిమ్మ గింజలు కుక్కిన చిట్టి సంచిలా ముద్దొస్తుంది కూడా.

పరంజ్యోతి యార్డువాళ్ళకు కొత్త చుక్కల మందు వేయించి చూశాడు. మందుకు ముందు నూరు కణాల్లో ఇరవై దానిమ్మ సంచులు. తర్వాత ఎనిమిది. గురువారం పుణె సభలో ఆ మాట చెప్పాలి, చెబితే మందు యార్డు మొత్తానికీ ఇస్తారు. రైలు టికెట్టు జేబులో ఉంది. మేడమ్ సంతకమే తరువాయి.

"లెక్కంతా నువ్వే చేశావా అబ్బాయ్?" అంది మేడమ్.

"ఇంకొకరికిస్తానా మేడమ్? నా కన్ను పడిందంటే ఒక్క కణం తప్పించుకోదు."

"అంత కన్నే!" అని మేడమ్ మురిసిపోయి, వెంటనే నాలుగు తుమ్ములు తుమ్మింది. తుమ్ముల మీద ఇంత పరిశోధన చేసిన మనిషికి మిర్చి ఘాటు ఇప్పటికీ పడదు. "సంతకానిదేముంది, పెడతాను. రేపు నాకు రెండు స్లైడ్లు లెక్కపెట్టి పెట్టు."

మర్నాడు పొద్దున్నే ఒక స్లైడు ఇచ్చింది. 'మందుకు ముందు' అని చీటీ అంటించి ఉంది. పరంజ్యోతి కూర్చుని టిక్కు టిక్కుమని లెక్కమిషను మీట నొక్కుకుంటూ పోయాడు. ఒక మూల సగం చెదిరిన కణం తగిలింది. 'వేషం చెదిరితే మాత్రం గుర్తుపట్టలేనా?' అని దాన్నీ, అలాంటివి మరికొన్నిటినీ వేసుకున్నాడు. ఇరవై ఒకటి తేలాయి.

టీ తాగాక రెండో స్లైడు వచ్చింది. చీటీ మీద 'మందు తర్వాత'. ఇక్కడా చెదిరిన కణాలు తగిలాయి. 'రంగు ఎక్కువ పడిందిలే, పాపం' అని వదిలేశాడు. తొమ్మిది.

"చూశారా మేడమ్! ఇరవై ఒకటి కాస్తా తొమ్మిదికి దిగింది!"

మేడమ్ తడిగుడ్డతో ఆ స్లైడు చీటీని నానబెట్టి, గోటితో మెల్లగా ఒలిచింది. దాని కింద ఇంకో చీటీ.

'మందుకు ముందు.'

పొద్దుటి స్లైడే.

పరంజ్యోతి చెవులు దానిమ్మ రంగుకొచ్చాయి.

"ఇది... ఎవరిది మేడమ్?"

మేడమ్ చెప్పబోయి తుమ్మింది. ముక్కు తుడుచుకుని, "ఆ చుక్కలు నేనెప్పుడైనా వేసుకున్నానా?" అంది.

పరంజ్యోతి స్లైడును తిప్పి రెండు వైపులా చూశాడు.

"నేను దొంగలెక్క రాయలేదు మేడమ్."

"తెలుసు. రాసుంటే ఈపాటికి గేటు బయట ఉండేవాడివి."

"అయితే మందు పనిచేయదా?"

"నాకేం తెలుసు?"

"మీకెప్పుడూ ఇలా కాలేదా? ముప్ఫై ఏళ్ళు చూసిన కన్ను కదా మీది!"

మేడమ్ లేచి బీరువా తెరిచింది. అరలనిండా స్లైడ్లు, వేలకు వేలు. ఒక్కదాని మీదా పేరు కనిపించదు. ప్రతి చీటీ మీదా తెల్ల ప్లాస్టరు, దాని మీద ఒక నంబరు. ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం లెక్క పూర్తయ్యేదాకా ఆఫీసువాళ్ళ దగ్గరే ఉంటుంది, అడిగినా ఇవ్వరు. ఇవ్వొద్దని చెప్పింది మేడమే.

"నా కన్ను మహా విధేయురాలు అబ్బాయ్," అంది. "ఏం కావాలంటే అది చూపించేది. మొదటి ఏడాదే భయం పుట్టి గంతలు కట్టేశాను."

పరంజ్యోతి జేబులోంచి టికెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"ప్లాస్టరు చుట్ట ఇంకోటి ఉందా మేడమ్?"

గురువారం పుణె సభ అతను లేకుండానే జరిగిపోయింది. అప్పటికి అతని స్లైడ్లన్నిటికీ గంతలు కట్టి, కలగాపులగం చేసి, ఏ నంబరు దేనిదో రాసిన పుస్తకం తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చేసింది మేడమ్. అతను మొదటి స్లైడు నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఒక చెదిరిన కణం ఎదురైంది. మీట మీద వేలు ఆగింది. అది మందుకు ముందుదో తర్వాతదో తెలియదు. వేలు అలాగే ఉంచి, చాలాసేపు దాన్నే చూశాడు.

సాయంత్రం మేడమ్ తలుపు దగ్గర ఆగింది.

"ఏమంటోంది నీ మందు?"

"తెలీదు మేడమ్," అన్నాడు పరంజ్యోతి, మహా గర్వంగా.